తెల్ల రంగు వేస్తామన్నందుకు అమ్మలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల గోవిందరాజస్వామి గుడి దగ్గర మా వీధిలో ఇంకో పాత మిద్దె పడగొట్టారు, లాడ్జి కడతారంట. దూలాలు దించుతుంటే నిలబడి చూశాను. అంతా బర్మా టేకు, ఎక్కడా చెద పట్టలేదు.

నాకు వెంటనే అమెరికాలో చూసిన ఇల్లు గుర్తొచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పక్కనే పాసడీనాలో గ్యాంబుల్ హౌస్‌కు తీసుకెళ్లింది. టైడ్ పొడి చేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కుటుంబంలోని డేవిడ్ గ్యాంబుల్, ఆయన భార్య మేరీ 1908లో గ్రీన్ అన్నదమ్ములనే ఆర్కిటెక్టుల చేత కట్టించుకున్న ఇల్లది. అంత డబ్బున్నాయన కదా, పాలరాతి మహలు ఉంటుందనుకుంటే అంతా కొయ్యే! పనివాడి చేతి పనితనం కనబడాలనే ఈ పద్ధతిని క్రాఫ్ట్స్‌మన్ అంటారు. మన పెంకుటిళ్లలాగే ముందుకు చొచ్చుకొచ్చిన చూర్లు, ఆరుబయట గాలికి పడుకోవడానికి మేడ మీద వరండాలు, లోపల హాల్లో బర్మా టేకు. మెట్ల దగ్గర వంగి చూశాను, ఒక కొయ్యలోకి ఇంకో కొయ్య వేళ్లు అల్లినట్టు దిగి ఉంది, అంచు ఎక్కడా పదును లేకుండా నున్నగా గుండ్రం చేశారు. మా తాత ఇంట్లో ఊయల బల్ల అంచు అట్లాగే ఉండేది.

గ్యాంబుల్ దంపతులు పోయాక వాళ్ల కొడుకూ కోడలూ ఆ ఇల్లు అమ్ముదామనుకున్నారంట. చూడొచ్చినవాళ్లు ఈ కొయ్యకంతా తెల్ల పెయింటు కొట్టిద్దామని మాట్లాడుకోవడం చెవిన పడి, అమ్మడమే మానుకున్నారని అక్కడ చెప్పారు. 1966లో ఆ కుటుంబం దాన్ని పాసడీనా నగరానికే రాసిచ్చేసింది.

మా తాత ఇల్లు మేం నిలుపుకోలేకపోయాం. చిన్నాయనల వాటాలు తేలక అమ్మేశాం. నాయనమ్మ ప్రతి శుక్రవారం రాసిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడిన ఆ గడప ఏమైందో కూడా తెలీదు.

ఇల్లు అమ్మొద్దని ఎవరికీ చెప్పలేను, అప్పులు, పిల్లల చదువులు, ఎవరి కష్టం వాళ్లది. కానీ పడగొట్టే ముందు నగరపాలక సంస్థ ఒక మనిషిని పంపి ఫోటోలు, కొలతలు తీయించి, ఎవరు కట్టించారో ఇంటివాళ్లను అడిగి రాయించి పెట్టాలి. ఎస్వీ యూనివర్సిటీలో చరిత్ర చదివే పిల్లలకు అప్పజెప్పినా చేస్తారు.

మా వీధిలో ఇంకా మూడు ఇళ్లు మిగిలాయి. ఒకదాన్ని పోయిన ఆదివారమే బేరానికి చూసి వెళ్లారు. దయచేసి ఈ ఉత్తరం త్వరగా వేయండి.

- ఒక పాఠకురాలు, తిరుపతి