వార్షిక నివేదిక: సదస్సుకు మొదటిసారి వచ్చినవారితో మన అనుభవం

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం, పనితీరు మెరుగుదల సదస్సుకు కొత్తగా వచ్చినవారి కోసం ఈ ఏడాది చేసిన ఏర్పాట్ల గురించే రాస్తున్నాను.

గాజువాక, ఆటోనగర్, పరవాడ, దువ్వాడ వైపు యూనిట్ల నుంచి సూపర్‌వైజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు ఏటా వస్తూనే ఉన్నారు. సంతకం పెట్టి, కిట్ బ్యాగు తీసుకుని, చివరి వరుసలో కూర్చుని, భోజనాలవగానే వెళ్లిపోతున్నారు. వాళ్లను అని లాభం లేదు. వేదిక మీద అంతా ఇంగ్లిషు, తెర మీద పరేటో చార్టులు (ఏ కారణం వల్ల ఎక్కువ తప్పులొస్తున్నాయో పెద్దదాని నుంచి వరుసగా చూపే పటాలు), పక్కనున్న పాతవాళ్లేమో తమలో తామే కబుర్లు.

ఈసారి సదస్సు ముందురోజు సాయంత్రం సిరిపురంలో తెలుగులోనే ఒక పరిచయ తరగతి పెట్టాం. మీ పనిచోట వేధిస్తున్న సమస్య ఒకటి తీసుకురండని ముందే చెప్పాం. సమస్యలు రకరకాలుగా వచ్చాయి గానీ, మందు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: "మావాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలండి."

అప్పుడు పనితీరు నిపుణుడు థామస్ గిల్బర్ట్ 1978లో ప్రతిపాదించిన ఆరు గడుల పట్టిక, అంటే పని ఎక్కడ దెబ్బతింటోందో వెతికే పట్టిక, బోర్డు మీద గీశాం. ఏం చేయాలో స్పష్టంగా చెప్పారా, ఎలా చేస్తున్నారో వాళ్లకు తెలుస్తోందా? సరైన పనిముట్లు ఉన్నాయా? బాగా చేస్తే ఏమైనా ఒరుగుతోందా? ఈ మూడు గడులూ పనిచోటువి. తెలివిడి, శక్తి, ఆసక్తి అనే మిగతా మూడూ మనిషివి. ముందు పనిచోటు వైపు చూడమంటాడాయన. ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ ఒకరు తమ లేబుళ్ల తప్పుల్ని ఇలాగే వెతుక్కుంటూ పోతే, లేబుల్ మారిన సంగతి నైట్ షిఫ్ట్‌కు అసలు చేరడమే లేదని తేలింది. దానికి ట్రైనింగ్ ఎందుకు, షిఫ్ట్ మారేచోట ఒక బోర్డు చాలు! సమస్యకు కారణాలను చేప ముళ్లలా విడదీసి చూపే ఇషికావా చేపముల్లు బొమ్మ కూడా వేశాం. విశాఖవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పే పని పడలేదు.

మర్నాటి నుంచి ప్రతి కొత్తవారికీ ఒక పాత సభ్యుణ్ణి తోడు ఇచ్చాం. తోడు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. వాళ్ల సమస్యకు పనికొచ్చే ప్రసంగాలు రెండే ఎంచిపెట్టాలి, భోజనం దగ్గర పక్కన కూర్చోవాలి, వక్త దగ్గరికి తీసుకెళ్లాలి. క్వాలిటీ సర్కిళ్లు (పనిలో సమస్యలను కార్మికులే కలిసి కూర్చుని పరిష్కరించుకునే చిన్న బృందాలు) నడిపి రిటైరైన పెద్దలు ఇందులో అందరికంటే రాణించారు. 1980 దశకం మొదట్లో హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్‌లో మొదలై దేశమంతా పాకిన ఆ సర్కిళ్లలో కూర్చునేది ఫ్యాక్టరీ కార్మికులే కాబట్టి, ఈ విషయాలు మామూలు మాటల్లో చెప్పడం వీళ్లకు కొత్త కాదు. అచ్చువేసిన పరిచయ పుస్తకం కన్నా వీళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారని నా అభిప్రాయం. ఆ పుస్తకాలు చాలావరకు కుర్చీల్లోనే మిగిలాయి.

కొందరు తోడు సభ్యులు పాత స్నేహితులు కనపడగానే కొత్తవాళ్లను వదిలేశారు. పేర్లు రాయను, వాళ్లకే తెలుసు. సదస్సు తర్వాత నెలవారీ సమావేశానికి రమ్మంటే సాయంత్రం షిఫ్టుల వల్ల చాలామంది రాలేకపోయారు. అందుకని వచ్చే ఏడాది ఆ సమావేశాలను ఆదివారం ఉదయానికి మార్చాలని, సదస్సయిన నెలలోపు తోడు సభ్యులు ఒకసారైనా ఫోన్ చేసి ఆ సమస్య ఏమైందో కనుక్కోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రెండింటినీ సర్వసభ్య సమావేశం ఆమోదానికి పెడుతున్నాం.

తోడుగా ఉండదలచినవారు సర్వసభ్య సమావేశం రోజే పేర్లు ఇవ్వండి. సదస్సు జరిగినన్ని రోజులూ ఉండగలిగితేనే ఇవ్వండి.

కార్యదర్శి, విశాఖపట్నం