చీటీలో 18 క్లిక్కులని రాయడం మా పొరపాటు. కొత్త కాఫీ గ్రైండర్‌కు 36 పెట్టుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ కస్టమర్లందరికీ నమస్తే.

రెండు వారాల నుంచి, మా దగ్గర కాఫీ గింజలు పట్టే చేతి గ్రైండర్ కొన్నవాళ్లు చాలామంది ఒకటే మాట చెప్తున్నారు. రాత్రి ఫిల్టర్ వేస్తే తెల్లారేసరికి కూడా పై గిన్నెలో నీళ్లు అట్లనే ఉంటున్నాయట, దిగిన కాస్త డికాషన్ కూడా చేదట. తప్పు గింజలది కాదు, మీ చేతిదీ కాదు. చక్రాన్ని సున్నా నుంచి 18 క్లిక్కులు వదులు చేయమని రాసి డబ్బాలో మేం పెట్టిన చీటీది.

పాత లాటు గ్రైండర్‌లో అడుగున ఉండే సర్దుబాటు చక్రం పూర్తిగా ఒక చుట్టు తిప్పితే 30 క్లిక్కులు. కొత్త లాటులో అదే చుట్టుకు 60. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. మేం చూసుకోకుండా కొత్త డబ్బాల్లోనూ పాత చీటీయే వేశాం. 18 క్లిక్కులంటే పాతదాంట్లో సగం చుట్టు దాటుతుంది, కొత్తదాంట్లో మూడో వంతు కూడా రాదు. ఇసుర్రాయి ఎరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, రెండు రాళ్ల మధ్య సందు ఎంతో పిండి అంత. ఇక్కడ సందు సగానికి తగ్గి, పొడి మైదాలా పడుతోంది. మీది ఏ లాటో తెలియకపోతే చక్రాన్ని ఒక చుట్టు తిప్పి క్లిక్కులు లెక్కపెట్టండి.

ముందు సున్నా, అంటే క్లిక్కుల లెక్క మొదలయ్యే చోటు, పట్టుకోవాలి. గింజలన్నీ తీసేసి, పొడి పడే డబ్బా విప్పండి. గ్రైండర్‌ను అడ్డంగా పట్టుకుని హ్యాండిల్ వదిలేస్తే అది తన బరువుకు తానే కిందికి వేలాడుతుంది. ఇప్పుడు అడుగు చక్రాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో క్లిక్కు బిగిస్తూ, ప్రతిసారీ హ్యాండిల్ పైకెత్తి వదలండి. మధ్యలో కిర్రుమని రాసుకున్న చప్పుడు వస్తుంది, అది సున్నా కాదు. ఇంకొంచెం బిగిస్తే హ్యాండిల్ పడకుండా ఎక్కడిదక్కడ నిలుస్తుంది. అదే సున్నా. అక్కడి నుంచి బలవంతంగా బిగిస్తే గింజను నలిపే లోపలి పళ్లు దెబ్బతింటాయి. ఇక వెనక్కి వదులు చేస్తూ 36 లెక్కపెట్టండి. పాత లాటు ఉన్నవాళ్లు 18 దగ్గరే ఉండండి.

ఈ 36 కూడా రాతిమీద గీత కాదు. 16 గ్రాముల కాఫీకి 4 గ్రాముల చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) కలుపుకునేవాళ్ల కోసం చెప్పిన లెక్క అది. చికోరీ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, డికాషన్ దిగడం నెమ్మదిస్తుంది. అందుకే జర బరకగా పట్టాలి. చికోరీ లేకుండా తాగేవాళ్లకు 33 చాలు. బయట కలిపి అమ్మే కాఫీ పొడిలో చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీద ఉంటుంది, చట్టప్రకారం రాసి తీరాలి. చికోరీని మాత్రం గ్రైండర్‌లో వేయొద్దు. తేమ లాగి జిగటై పళ్లకు అంటుకుంటుంది, తర్వాత గీకినా పోదు.

సరిగ్గా ఉందో లేదో వేళ్లతో చూడండి. చిటికెడు పొడి రుద్దితే సన్న ఉప్పులా తగలాలి. ఇడ్లీ రవ్వలా ఉంటే బరక ఎక్కువ, వేలిగీతల్లో దూరి గోధుమపిండిలా అంటుకుంటే మరీ మెత్తన. అంతకంటే నమ్మకమైనది గడియారం. 20 గ్రాముల పొడికి 120 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తే 12 నుంచి 20 నిమిషాల్లో దిగిపోవాలి. కిందికి వచ్చేది 80 దాకానే, మిగతాది పొడి పీల్చుకుంటుంది, అది నష్టం కాదు. 25 నిమిషాలు దాటితే 3 క్లిక్కులు వదులు చేయండి. ఆరేడు నిమిషాల్లోనే దిగి నీళ్లనీళ్లగా ఉంటే 3 బిగించండి. సర్దిన వెంటనే పడే మొదటి రెండు మూడు గ్రాములు పాత సైజువే, వాటిని చూసి నిర్ణయించొద్దు. గింజలు లోపల ఉండగా బిగించాల్సి వస్తే హ్యాండిల్ తిప్పుతూనే బిగించండి, లేకపోతే ముక్కలు ఇరుక్కుంటాయి. ఇంట్లో కరెంటు గ్రైండర్ ఉంటే దానికీ ఇదే మాట, మోటారు నడుస్తుండగానే మెత్తన వైపు తిప్పాలి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈసారి మా గింజల వేపు కాస్త ముదిరింది. ముదురు వేపు గింజ పెళుసుగా ఉండి ఎక్కువ దుమ్ము రాలుస్తుంది. ప్యాకెట్ మార్చిన రోజు 2 క్లిక్కులు వదులు చేసుకోండి.

సర్దినా దిగట్లేదంటే ఫిల్టర్‌నే అనుమానించండి. పొడి వేయకుండా వట్టి వేడినీళ్లు పోసి చూడండి, నిమిషంలోపు పోవాలి. పోకపోతే రంధ్రాలకు ఉప్పు పట్టినట్టే. బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో ఇది మామూలే, వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రాల అంచుల్లో తెల్లటి పొర కనిపిస్తుంది. అరలీటరు వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, స్టీలు ఫిల్టర్‌ను 20 నిమిషాలు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. వట్టినీళ్లు బాగానే దిగుతుంటే, కాడ ఉన్న బిళ్లతో పొడిని గట్టిగా అదుముతున్నారేమో చూసుకోండి. బిళ్ల పొడి మీద ఊరికే ఆనితే చాలు.

మైదాలా పట్టిన పొడిని పారేయకండి. వేడినీళ్లలో వేసి 4 నిమిషాలు మూతపెట్టి, పలుచటి బట్టలో వడకట్టుకోండి. ఫిల్టర్ రుచి రాదు గానీ తాగేలా ఉంటుంది.

కొత్త లాటు కొన్న ప్రతి ఒక్కరికీ ఈ నెలాఖరులోపు సరైన చీటీ, 100 గ్రాముల గింజల ప్యాకెట్ ఇస్తాం. బిల్లు లేకపోయినా గ్రైండర్ చూపిస్తే చాలు, మేమే సర్ది ఇస్తాం. తెచ్చేటప్పుడు లోపల గింజలు లేకుండా తీసుకురండి, నిండుగా ఉంటే సున్నా దొరకదు.