ఎండిపోయిన మేతకూ పరిహారం కావాలి

సంపాదకులకు నమస్కారం.

కరువులో గొర్రె చనిపోతే విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం రూ.4,000 ఇవ్వవచ్చు. బతికున్న మందకు మేత ఖర్చు సాయం మాత్రం ప్రధానంగా పశు శిబిరాల్లో ఉంచిన జీవాలకే. మేత వెతుక్కుంటూ ఊరూరా తిరిగే కాపరి మందను శిబిరంలో ఎలా కట్టేయగలడు?

అమెరికాలో 2014 వ్యవసాయ చట్టం శాశ్వతం చేసిన పశుగ్రాస విపత్తు పథకం సరిగ్గా ఈ మేత నష్టాన్నే గుర్తించింది. ప్రతి గురువారం వెలువడే కరువు పటంలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) మేత కాలంలో నిర్ణీత వారాల పాటు తీవ్ర కరువులో ఉన్నట్టు తేలితే, అక్కడ పచ్చిక కోల్పోయిన పశుపోషకులకు నెలవారీ మేత ఖర్చులో 60 శాతం లెక్కన, కరువు ముదిరేకొద్దీ ఎక్కువ నెలలకు సొమ్ము అందుతుంది. పశువు చావనక్కరలేదు. అయితే ఆ పథకంలో సొంత భూమో కౌలు భూమో ఉండాలన్న షరతు, బంజర్లనూ కోత అయిన చేలనూ నమ్ముకున్న మన కాపరులకు పనికిరాదు.

మా వీధి కాపరి ఒకాయన ఎండాకాలమంతా తుమ్మ కొమ్మలు నరికి మందకు వేశాడు. అవీ అయిపోయాక, నెల రోజుల్లో ఈనవలసిన చూడి గొర్రెలను సంతలో సగం ధరకే తెగనమ్ముకున్నాడు. ఆ నష్టం ఏ రికార్డులోనూ లేదు. మండలాన్ని కరువు ప్రాంతంగా ప్రకటించిన రోజునే, భూమితో నిమిత్తం లేకుండా, జీవాల సంఖ్యను బట్టి మేత సొమ్మును కాపరుల ఖాతాల్లో జమ చేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా