బేస్ వాయించే అమ్మాయికి

అమ్మలూ,

బ్యాండ్‌లో బేస్ గిటార్ నీదేనని రాశావు. గోడ మీద జాన్ డీకన్ బొమ్మ ఉంది కదా, ఆయనతోనే మొదలుపెడతాను. 1971లో క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో బేస్ వాయించడానికి చేరాడు. ఆ ఏడాదే లండన్ చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఫస్ట్ క్లాసులో ముగించాడు. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డును ఓ పాత స్పీకర్ పెట్టెలో బిగించి 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) చేస్తే, ఆ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే దాన్ని ఏళ్ల తరబడి రికార్డింగుల్లో వాడాడు. సామాను గుట్టు తెలిసినవాళ్లకి బ్యాండ్‌లో అంత విలువ.

నీది యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా మానినా, లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రాక్టీసు కాగానే పీకేయి. గట్టిగా మీటితే శబ్దం చిరిగినట్టు వస్తోందా? ముందు బ్యాటరీ మార్చు, ఆంప్‌ని తరవాత అనుమానిద్దువు. గుయ్‌మని హమ్ వస్తే సామానంతా ఒకే పవర్ బోర్డుకి తగిలించు. అప్పటికీ పోకపోతే డీఐ బాక్సు (బేస్‌ని సౌండ్ మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట నొక్కు. ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకనివ్వకు. ఎర్త్ లేని ఆంప్ పాడైతే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలినా చాలు, షాకు కొడుతుంది.

వేదిక మీద ఆంప్ మోకాళ్ల దగ్గర ఉంటే వినబడక వాల్యూమ్ పెంచుతావు. ఆ మోత పాడేవాళ్ల మైకులోకి పోతుంది, ఇక మిక్సర్ దగ్గరున్నవాడు చేయగలిగిందేమీ ఉండదు. ఆంప్‌ని చెవివైపు పైకి వంచి పెట్టుకో. చెవులకి సంగీతకారుల ఇయర్‌ప్లగ్గులు కొనుక్కో, దూది పనికిరాదు. 85 డెసిబెల్స్ మోత దగ్గర 8 గంటలు ఉండొచ్చంటారు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట.

అసలు గొడవలు డబ్బు దగ్గర. 1975లో క్వీన్ వాళ్ల 'బొహీమియన్ రాప్సొడీ' సింగిల్ రికార్డు వెనకవైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట ఉంది. జనం కొన్నది ముందువైపు పాట కోసం. రికార్డు అమ్మకాల రాయల్టీ మాత్రం రెండు పాటల రచయితలకీ సమానంగా వచ్చింది, దాని మీద వాళ్లలో మనస్పర్థలూ వచ్చాయి. నలుగురిలో తక్కువ పాటలు రాసిన డీకన్‌దే 1980లో 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్', అమెరికాలో నంబర్ వన్. ఏ పాట ఆడుతుందో ముందే ఎవరికి తెలుసు? చివరికి 1989 ఆల్బమ్‌లో పాటలన్నీ క్వీన్ పేరు మీదే వేశారు.

మీరు అంతదాకా ఆగకండి. పాట పూర్తయిన రోజే ఒక కాగితం మీద సాహిత్యం ఎవరిది, స్వరం ఎవరిది, ఎవరి వాటా ఎంత శాతమో రాసి అందరూ సంతకాలు పెట్టండి, మొత్తం నూరు రావాలి. బేస్ లైన్‌కీ డ్రమ్ములకీ వాటా ఉందో లేదో అందులోనే తేల్చండి. రికార్డింగ్ హక్కు వేరే ఆస్తి, దానికి వేరే కాగితం. రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యులై పాటలు నమోదు చేసుకోవాలి. కచేరీ డబ్బులోంచి ముందు వ్యాను, సౌండ్ అద్దె, తరవాత బ్యాండ్ నిధి, ఆ మిగిలిందే పంపకం.

ఎవరైనా ఒప్పందం చూపిస్తే అక్కడికక్కడే సంతకం పెట్టకు. ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు.

నాన్న