గది కొలత తెలియని టూర్ వీడియో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

అద్దె ఇల్లు, తరగతి గది, మ్యూజియం, సమావేశ మందిరం... దేన్నైనా వెళ్లకముందే చూపించే వర్చువల్ టూర్ వీడియోలు ఎక్కువయ్యాయి. గది ఎంత ఉంది, అందులోంచి ఎటు పోతాం అన్న రెండు సంగతులు మాత్రం చాలావాటిలో తేలవు. ఈ పని రోజూ చేసేవాళ్లుగా కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

మొదటి తప్పు లెన్స్ దగ్గరే. ఫోన్‌లో 0.5 ఎక్స్ నొక్కితే సుమారు 13 మి.మీ.కు సమానమైన, చాలా వెడల్పుగా చూసే లెన్స్ వస్తుంది. మూడు గోడలూ ఒకేసారి పడతాయని అందరూ అదే వాడతారు. ఎదుటి గోడ దూరం జరుగుతుంది, అంచున ఉన్న మంచం సాగిపోతుంది, పదడుగుల గది హాలులా కనిపిస్తుంది. తీరా వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. 1 ఎక్స్ లెన్స్‌తోనే, మూలకు ఆనుకుని నిలబడి తీయండి. ఇరుకు బాత్‌రూమ్‌లో 0.5 తప్పదంటే గది పొడవు, వెడల్పు ఆ దృశ్యం మీదే వేయండి. కెమెరా ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 130 సెం.మీ. దరిదాపులో, ఎటూ వంచకుండా ఉండాలి. వంచితే నిలువు గోడలు వాలిపోతాయి.

ఎక్కువ వీడియోలు చెడేది గుమ్మం దాటేటప్పుడు. చీకటి నడవలోంచి కిటికీలున్న గదిలోకి అడుగుపెట్టగానే ఒక్క క్షణం అంతా తెల్లగా పేలిపోతుంది, ఆ తర్వాతే గోడలు మెల్లగా తేలతాయి. రంగూ నిలవదు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: పసుపు బల్బు వెలుగు 2700–3000, పగటి వెలుతురు 5500 దరిదాపు. వెలుగును బట్టి కెమెరా తనంతట తాను రంగు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ రెంటి మధ్యా ఊగుతుంది. అందుకే గదికో షాట్ తీయాలి. లోపలికి వెళ్లి, ఒక గోడ మీద స్క్రీన్‌ను నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు మోతాదు) లాక్ చేసి, వైట్ బ్యాలెన్స్‌ కూడా కదలకుండా పెట్టి, అప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టండి. ముందు షాట్ తలుపును చూస్తూ ముగియాలి, తర్వాతిది అదే తలుపులోంచి అదే దిక్కుకు మొదలవాలి. ఇది తప్పిందా, వంటింటికి పడకగది ఏ పక్కన ఉందో చూసేవాళ్లకు ఇక తెలియదు.

లైట్ల కింద చారలు పారుతుంటే షట్టర్ వేగం కరెంటుతో కలవలేదన్నమాట. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట 1/50 లేదా 1/100 సెకను, 60 ఉన్నచోట 1/60 లేదా 1/120 సెకను పెట్టండి. ప్యాన్ చేసేటప్పుడు, అంటే నిలబడ్డచోటి నుంచే కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు, ఒక వస్తువు ఫ్రేమ్ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి 7 సెకన్లు పట్టాలి. గింబల్ (కెమెరా వణకకుండా పట్టే పిడి) ఉన్నా అడుగడుగునా పైకీ కిందికీ వచ్చే ఊపు పోదు. మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆన్చి నడవాలి.

360 డిగ్రీల కెమెరా కొనేవాళ్లకు ఒక లెక్క. 5.7కె అంటే అడ్డంగా 5760 పిక్సెళ్లు, అదీ చుట్టూ మొత్తానికి. ఒకసారికి చూసేది 90 డిగ్రీలైతే అందేవి 1440 మాత్రమే. గోడ మీది చిన్న అక్షరాలు చదవలేం, వాటికి విడిగా ఫొటో పెట్టాలి. రెండు లెన్సుల దృశ్యాలు కలిసే అతుకు మీద దగ్గరగా కుర్చీ ఉంటే అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కెమెరాను తిప్పి అతుకును ఖాళీ వైపుకు పెట్టండి.

వీధి చప్పుడును సంగీతంతో కప్పేయడం మాకు సరిగా అనిపించదు. ఒక్కో గదిలో 10 సెకన్లైనా అసలు శబ్దం వినిపించనివ్వండి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ ఈ వీడియో చూసే బయలుదేరతారు. వాకిట్లో ఎన్ని మెట్లున్నాయో, అన్నిటికన్నా ఇరుకు తలుపు వెడల్పెంతో చూపడం వాళ్ల పట్ల కనీస మర్యాద. తలుపు 90 డిగ్రీలు తెరిచి, రెక్క ముఖం నుంచి అవతలి ద్వారబంధం దాకా టేపు పట్టి, అంకె కనబడేలా 3 సెకన్లు తీయండి. ద్వారబంధం నుంచి ద్వారబంధానికి కొలిస్తే రెక్క మందం లెక్కలోకి రాదు. ఆ కొద్ది సెంటీమీటర్ల దగ్గరే కుర్చీ ఆగిపోతుంది.

తాళంచెవులు, అలారం కోడ్ రాసిన చీటీ, ఇంట్లోవాళ్ల ఫొటోలు ముందే తీసేయండి. తీసిన తేదీ మొదటి ఫ్రేమ్‌లోనే వేయండి. తర్వాత ఎక్కడైనా గోడ కొట్టేసినా తలుపు మార్చినా, గదికో షాట్ పద్ధతిలో తీసి ఉంటే ఆ ఒక్క షాటే మళ్లీ తీసి అతికించవచ్చు.

– వర్చువల్ టూర్ వీడియోలు తీసే ఒక బృందం