రెండో ల్యాప్‌లో నా పక్కన పరిగెత్తిన అందరికీ

అందరికీ నమస్కారం. ఈ నెలతో పోటీలు మానేస్తున్నా. 800, 1500 మీటర్లు, చిన్నప్పటి నుంచీ ఇవే నా లోకం. ఎవరెవరు నాకోసం ఏం చేశారో మన నెల్లూరు వాళ్లకి చెప్పకుండా వెళ్లడానికి మనసొప్పలేదు.

ముందు మా హైస్కూలు పీఈటీ సార్. "ఆడపిల్లకి అంత దూరం ఎందుకయ్యా, వంద మీటర్లు చాలదా" అని పెద్దోళ్లు అడిగితే సార్ కోప్పడేవారు కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 800 పెట్టి, వాళ్ల వల్ల కాదని తీసేశారని, మళ్లీ 1960లో రోమ్‌లో గానీ పెట్టలేదని, 1500 కోసమైతే 1972 దాకా ఆగాల్సొచ్చిందని ఓపిగ్గా చెప్పేవారు. "వాళ్లు చేసిన తప్పే మనమూ చేద్దామా?" అంటే మా నాన్న మెత్తబడ్డాడు.

మట్టి గ్రౌండులో తెల్లారకముందే సున్నంతో లేన్లు గీసేవారు సార్. 800లో మొదటి వంపు దాటేదాకా ఎవరి లేన్‌లో వాళ్లుండాలి, తర్వాతే లోపలికి రావాలి. ఆ గీత మీద మాత్రం సున్నం రెండోసారి పోసేవారు. 1986 సియోల్ ఏషియాడ్‌ 800లో మన దేశపు రన్నర్ షైనీ అబ్రహాం ముందున్నా కూడా, ఆ గీత రాకముందే లేన్ వదిలినందుకు డిస్‌క్వాలిఫై అయింది. 1984 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన మనిషి! నా కాలు ఏనాడూ తొందరపడలేదంటే అది సార్ పోసిన సున్నమే.

కానిస్టేబుల్ సెలెక్షన్లకి ప్రిపేరైన అన్నలూ, అసలు ఇదంతా మీకోసమే రాస్తున్నా. 800లో మొదటి ల్యాప్ ఎవరైనా లాగుతారు. 500 దాటాక కాళ్లు మాట వినవు, అప్పుడు పక్కన మనిషుండాలి. నా టైమింగ్‌కి దగ్గర్లో ఉన్న అమ్మాయిలు మా గ్రౌండులో లేరు. సెలెక్షన్‌లో ఉండే మీ 1600 మీటర్ల ప్రాక్టీసు అయిపోయి, చెమట కూడా ఆరకముందే నాకు పేసింగ్‌కి, అంటే పక్కనే పరిగెత్తి వేగం తప్పకుండా చూడ్డానికి, దిగేవాళ్లు. ఒకన్న ఎప్పుడూ అరడుగు ముందు, గాలి కొట్టే వైపే ఉండేవాడు. ప్రతి వంద మీటర్లకీ వెనక్కి తిరక్కుండా చెయ్యి చూపించేవాడు: పిడికిలైతే సరిగ్గా ఉన్నట్టు, ఒక వేలైతే సెకను లేటు. ఆదివారాలు మైపాడు బీచ్ తడి ఇసుకలో లాంగ్ రన్. వెనకబడితే "ఆగబాకమ్మా, ఆగబాక" అని అరుపులు. ఉద్యోగాలొచ్చాక కూడా నైట్ డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకొచ్చినవాళ్లున్నారు మీలో.

మధ్యలో ఒక సీజనంతా పోయింది. ఎంత చేసినా టైమింగ్ పడిపోయేది. బద్ధకమన్నారు, భయమన్నారు. మా వీధి డాక్టరమ్మ మాత్రం హిమోగ్లోబిన్ బాగుందని వదిలెయ్యకుండా ఫెరిటిన్ కూడా చేయించింది. ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటిపోయిందని అప్పుడు తేలింది. మాత్ర టీ, కాఫీలతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకోమంది. ఫీజు తీసుకోలేదు. పరిగెత్తే చెల్లెళ్లూ, బాగా నీరసంగా ఉంటే ఆ టెస్టు ఒకసారి చేయించుకోండి.

ఇక మా పొదుపు సంఘం పెద్దమ్మలు. స్పైక్స్ బూట్లకీ, రైలు టికెట్లకీ డబ్బిచ్చి "తిరిగివ్వబాక" అన్నారు. 2021 సెప్టెంబరులో హనుమకొండలో జరిగిన నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలకి అలాగే వెళ్లా. అక్కడే హర్మిలన్ బైన్స్ 1500ని 4:05.39లో ముగించి, 2002 బుసాన్ ఏషియాడ్‌లో సునీతా రాణి నెలకొల్పిన 4:06.03 జాతీయ రికార్డుని దాటింది. కళ్లారా చూశా. ఆమె టైమింగ్‌కీ నా టైమింగ్‌కీ పోలిక లేదు, కానీ అదే ట్రాక్ మీద నేనూ పరిగెత్తా పెద్దమ్మా. అది మీ పుస్తకంలోని పదులూ యాభైలూ చేసిన పని.

అమ్మకి విడిగా చెప్పుకుంటాలే.

ఈసారి సెలెక్షన్లకి దిగుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పొద్దున అయిదింటికి గ్రౌండుకి రండి. మీ 1600కి పేసింగ్ నేను చేస్తా.