లీనియర్ సప్లై అడుగుతున్న కస్టమర్లకు

స్ట్రీమర్‌లో (నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే పెట్టె) హమ్మింగ్, అంటే స్పీకర్లలో గుయ్యిమనే మోత, వస్తోందని వచ్చేవాళ్లకు అడగ్గానే లీనియర్ పవర్ సప్లై (మామూలు అడాప్టర్ బదులు వాడే ట్రాన్స్‌ఫార్మర్ రకం సప్లై) ఇవ్వడం ఈ నెల నుంచి ఆపేశాం. ముందు ఇంట్లో కింది పరీక్షలు చేసి చెప్పాకే బిల్లు. మాకు ఎక్కువ లాభం మిగిలేది ఆ సప్లై మీదే, అందులో దాపరికం లేదు. కాకపోతే ఎర్తింగ్ జబ్బు దానితో పోదు.

యాంప్ ఆన్‌లోనే ఉంచి, వాల్యూమ్ కదపకుండా, ఏమీ తగిలించని ఇన్‌పుట్‌కి మార్చండి. మోత అలాగే ఉంటే లోపం యాంప్‌లోనో దాని కరెంటులోనో ఉంది. పోయిందంటే పాత ఇన్‌పుట్‌కి తిరిగొచ్చి, డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ పాటను యాంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చే పెట్టె) వెనక యూఎస్‌బీ కేబుల్ పీకండి (డాక్‌కి సొంత అడాప్టర్ ఉంటేనే ఇది పనికొస్తుంది). మోత ఆగితే అది యూఎస్‌బీ గ్రౌండ్ తీగ మీదుగా వస్తున్నట్టు. ల్యాప్‌టాప్ వాళ్లయితే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద విని చూస్తే చాలు.

టూ పిన్ అడాప్టర్ లోపల మెయిన్స్ వైపుకీ డీసీ వైపుకీ మధ్య వై కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాంట్లోంచి కొద్దిగా కరెంటు లీకవుతుంది. డాక్ బాడీ మీద వేలు ఆనిస్తే జిమ్ముమనేది అందుకే. అదే కరెంటు డాక్ నుంచి యాంప్‌కి వెళ్లే ఆర్‌సీఏ ఆడియో కేబుల్ షీల్డ్ (పైన చుట్టిన లోహపు తొడుగు) పట్టుకుని యాంప్‌లో దూరుతుంది.

ఇక సాకెట్. మల్టీమీటర్‌లో ఫేజ్-న్యూట్రల్ 230 వోల్టుల దగ్గర, ఫేజ్-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ ఒకట్రెండు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ 100 వోల్టుల చుట్టూ ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది. ఇస్త్రీపెట్టె లాంటి పెద్ద లోడ్ వేసినా న్యూట్రల్-ఎర్త్ సున్నా దగ్గరే ఉంటే సంబరపడకండి: ఎవరో సాకెట్‌లోనే రెంటినీ కలిపేసి ఉండొచ్చు. న్యూట్రల్ ఊడిన రోజున యాంప్ బాడీకే కరెంటు కొడుతుంది. వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, రెండు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలవండి. హమ్ పోతుందని యాంప్ ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం.

అన్నిటికన్నా చవకైన మందు, సిగ్నల్‌ని వెలుతురుగా పంపే ఆప్టికల్ కేబుల్. కరెంటు దారే ఉండదు, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ వరకు నిశ్చింత. లాన్‌కి (నెట్‌వర్క్ కేబుల్) షీల్డ్ లేని మామూలు యూటీపీ క్యాట్ 6 చాలు, పోర్టులోనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మెటల్ కనెక్టర్ల షీల్డెడ్ కేబుల్ రౌటర్ గ్రౌండ్‌ని తెచ్చి తగిలిస్తుంది. ఆ షీల్డెడ్ కేబుల్ మా దగ్గర కొన్నదైతే తెచ్చి మార్చుకోండి.

యూఎస్‌బీలో గ్రౌండ్ దారిని తెంచే ఐసొలేటర్ బాక్స్ కూడా మారింది. పాతదాంట్లో ఉన్న ఏడీయూఎమ్4160 చిప్ వేగం 12 మెగాబిట్లే. కొన్ని డాక్‌లు 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, కొన్నిటిని అసలు గుర్తించదు. కొత్తదాంట్లో 480 మెగాబిట్ల ఏడీయూఎమ్4165 ఉంది. ధర ఎక్కువే. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్‌కి ఇది దండగ.

ఇవన్నీ అయ్యాక కూడా లీనియరే కావాలంటే సంతోషంగా ఇస్తాం. స్ట్రీమర్‌గా వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లది తీసుకోండి. డీసీ కేబుల్ పొట్టిగా, లావుగా ఉండాలి. మీటరు పొడవున్న 24 గేజ్ తీగలో 2 ఆంపియర్లు పారితే మూడోవంతు వోల్టు తీగలోనే పోతుంది. రాస్ప్‌బెర్రీకి అందే వోల్టేజ్ 4.63 వోల్టుల కిందికి దిగితే అది లో వోల్టేజ్ వార్నింగ్ ఇస్తుంది, పాట తెగుతుంది, తిట్లు సప్లైకి పడతాయి.

షాపుకొచ్చేటప్పుడు డాక్ మోడల్, సాకెట్‌లో కొలిచిన మూడు రీడింగులు రాసుకురండి.